కింది పోర్షన్‌లో సిగ్నల్ లేదు, వైఫై కాలింగ్ పెట్టినా మాట ఒకవైపే వెళ్తోంది

విశాలాక్షినగర్_వాలు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఇల్లు విశాఖ విశాలాక్షినగర్‌లో, కొండవాలు మీద. మాది కింది పోర్షన్. వెనక గది గోడకు ఆనుకునే రాతి రిటైనింగ్ వాల్ ఉంది. హాల్లో 4జీ రెండు పాయింట్లు చూపిస్తుంది, వెనక గదిలో ఒకటి, చాలాసార్లు అదీ ఉండదు. అమ్మానాన్న ఉండేది ఆ వెనక గదిలోనే. కాబట్టి ఫోన్ పనిచేయాల్సింది కూడా అక్కడే.

ఫైబర్ ఇంటర్నెట్ 50 ఎంబీపీఎస్. వాళ్లిచ్చిన డ్యూయల్ బ్యాండ్ ఓఎన్‌టీ బాక్స్ (ఫైబర్ లైన్ దిగే వైఫై రౌటర్, 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండూ ఉన్నది) హాల్లో టీవీ వెనక గోడకు ఉంది. నాన్నగారిది రెండు సిమ్‌ల శాంసంగ్, అమ్మది రెడ్‌మీ, నాది ఐఫోన్. మూడింట్లోనూ వైఫై కాలింగ్ ఆన్ చేశాను. ఇబ్బందులు ఇవి:

నాన్నగారి ఫోన్‌లో మొదటి సిమ్‌కు వైఫై కాలింగ్ గుర్తు వస్తోంది. రెండో సిమ్ వేరే కంపెనీది, దానికి ఆప్షనే కనపడదు.

వెనక గదిలో కాల్ కలుస్తుంది. రెండు మూడు నిమిషాలయ్యాక మన మాట అవతలి వాళ్లకు వినపడదు, వాళ్ల మాట మాత్రం మనకు చక్కగా వినపడుతూనే ఉంటుంది.

ఫోన్ వైఫైలో ఉన్నా, బయటి నుంచి చేసిన వాళ్లకు ‘అందుబాటులో లేరు’ అని వస్తుంది. ఎక్కువగా ఫోన్ కాసేపు ముట్టుకోకుండా పెట్టినప్పుడు.

మాట్లాడుతూ గుమ్మం దాటి మెట్ల మీదికి వెళ్తే కాల్ కట్.

స్పీడ్ టెస్ట్‌లో వెనక గదిలో కూడా 30 పైనే వస్తోంది. షాపులో రిపీటర్ తీసుకోమంటున్నారు. డబ్బు పెట్టేముందు లోపం ఎక్కడుందో తెలుసుకోవాలి. ఏ వరసలో చూసుకోమంటారు?

సిమ్_సెట్టింగ్స్

ముందు ఏమీ కొనకండి. మీరు చెప్పినవి నాలుగూ ఒకే జబ్బు లక్షణాలు కావు.

వైఫై కాలింగ్‌లో ఫోన్ మీ ఇంటర్నెట్ మీదుగా సిమ్ కంపెనీ గేట్‌వే దాకా ఒక ఐపీసెక్ సొరంగం (తాళం వేసిన దారి) వేసుకుంటుంది. సిమ్‌లోని రహస్య కీతో లాగిన్ అవుతుంది. ఆ తర్వాత మాట, మెసేజ్ అన్నీ ఆ సొరంగంలోంచే పోతాయి. అవతలి మనిషికి మామూలు నంబరే కనపడుతుంది, వాళ్లకు ఇంటర్నెట్ ఉండనక్కర్లేదు, ల్యాండ్‌లైన్‌కూ చేసుకోవచ్చు. వాట్సాప్ కాల్‌కూ దీనికీ తేడా ఇదే. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. దేశంలోపల చేసే కాల్స్‌కు విడిగా చార్జీ లేదు, మీ ప్లాన్‌లోని కాల్స్ కిందికే వస్తాయి.

అంటే చూడాల్సిన చోట్లు మూడు: ఫోన్, సిమ్ సెట్టింగులు ఒకటి. ఫోన్ నుంచి రౌటర్ దాకా గాల్లో దారి రెండోది. రౌటర్ నుంచి కంపెనీ దాకా ఉన్న లైన్ మూడోది. వీటిని విడదీయడానికి ఇలా చేయండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, వైఫై ఒక్కటే తిరిగి ఆన్ చేయండి. ఒక నిమిషం ఆగండి. శాంసంగ్‌లో పైన రిసీవర్ బొమ్మ పక్కన వైఫై తరంగాల గుర్తు రావాలి, రెడ్‌మీలో వీఓవైఫై అని రావాలి, ఐఫోన్‌లో కంట్రోల్ సెంటర్ దించితే కంపెనీ పేరు పక్కన వైఫై అని ఉండాలి. గుర్తు వచ్చాక రౌటర్ పక్కనే కూర్చుని ఒక ఐదు నిమిషాల కాల్ చేయండి. అక్కడ బాగుండి వెనక గదిలో పాడైతే రెండో చోట లోపం. రౌటర్ పక్కన కూడా పాడైతే మూడో చోట. అసలు గుర్తే రాకపోతే ఒకటో చోటైనా కావాలి, రౌటర్ ఆ సొరంగాన్ని అడ్డుకుంటూనైనా ఉండాలి. ఏరోప్లేన్ మోడ్ పెట్టకుండా చేసే పరీక్ష దేనికీ పనికిరాదు, ఎందుకంటే ఫోన్ చాటుగా టవర్ మీదికి వెళ్లిపోయి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది.

సెట్టింగ్ దారులు: శాంసంగ్‌లో కనెక్షన్స్, అందులో వైఫై కాలింగ్, ఏ సిమ్‌కు ఆ సిమ్ విడిగా. రెడ్‌మీలో సిమ్ కార్డులు, మొబైల్ నెట్‌వర్క్‌లు, సిమ్ పేరు నొక్కితే కింద వైఫై ద్వారా కాల్స్. ఐఫోన్‌లో మొబైల్ సర్వీస్, వైఫై కాలింగ్. ఐఓఎస్ పాత వెర్షన్ అయితే మొబైల్ డేటా అన్న చోట ఉంటుంది. మూడింట్లోనూ వీఓఎల్‌టీఈ (4జీ మీదుగా వెళ్లే కాల్) ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి.

రెండో సిమ్‌కు ఆప్షన్ రాకపోవడానికి మామూలుగా మూడు కారణాలు. ఆ కంపెనీ ఆంధ్ర సర్కిల్‌లో ఆ సేవ మీ నంబరుకు ఇవ్వకపోవడం. మీ మోడల్ సాఫ్ట్‌వేర్‌లో ఆ కంపెనీ ప్రొఫైల్ లేకపోవడం, విదేశం నుంచి తెచ్చిన ఫోన్లలో ఇది ఎక్కువ. సిమ్ కార్డే బాగా పాతదైపోవడం. ముందు ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేసి, సిమ్ తీసి ఒకటో స్లాట్‌లో వేసి చూడండి. అప్పటికీ రాకపోతే కంపెనీ స్టోర్‌లో అదే నంబరుకు కొత్త 4జీ లేదా 5జీ సిమ్ ఇప్పించుకోండి. సిమ్ మార్చిన తర్వాత 24 గంటలపాటు మెసేజ్‌లు ఆగుతాయి కాబట్టి బ్యాంకు పని ఉన్న రోజు పెట్టుకోకండి.

రెడ్‌మీ పాత మోడలై ఉండి ఆప్షన్ దాక్కుంటే డయలర్‌లో *#*#869434#*#* కొట్టే చిట్కా ఒకటి తిరుగుతూ ఉంటుంది. అది ఫోన్‌లో కంపెనీ తనిఖీని పక్కన పెడుతుందంతే. కంపెనీ వైపు సేవ లేకపోతే ఆప్షన్ కనపడుతుంది గానీ గుర్తు రాదు. అలాంటప్పుడు మళ్లీ అదే కోడ్ కొట్టి వెనక్కి మార్చేయండి.

రేడియో_మాస్టారు

రెండో ఇబ్బంది గురించి. మన మాట వెళ్లదు, వాళ్ల మాట వస్తుంది అన్నారు కదా, అది దాదాపు ఎప్పుడూ ఫోన్ గొంతు రౌటర్‌కు అందకపోవడమే. ఫోన్‌లో కనపడే వైఫై పాయింట్లు రౌటర్ మాట ఫోన్‌కు ఎంత వినపడుతోందో చెబుతాయి. ఫోన్ మాట రౌటర్‌కు ఎంత వినపడుతోందో చెప్పవు. రౌటర్‌కు కరెంటు ఉంది, పెద్ద యాంటెన్నాలున్నాయి, గట్టిగా అరవగలదు. ఫోన్ బ్యాటరీ మీద బతికేది, పైగా చేత్తో పట్టుకుని చెవికి ఆనించినప్పుడు చెయ్యీ తలా కలిసి ఇంకొంత మింగేస్తాయి. అందుకే బల్ల మీద పెట్టి స్పీకర్‌లో మాట్లాడితే బాగుండే చోట, చెవి దగ్గర పెట్టుకుంటే తెగుతుంది. వెనక గదిలో ఈ రెండు రకాలుగానూ చేసి చూడండి.

స్పీడ్ టెస్ట్‌ను నమ్మి మోసపోకండి. అందులో పోయిన ప్యాకెట్‌ను మళ్లీ పంపిస్తారు, ఆలస్యమైనా లెక్కలోకి వస్తుంది. కాల్‌లో మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా, సెకనుకు 50 ప్యాకెట్లుగా పంపుతారు. ఆలస్యంగా వచ్చిన ముక్కను పారేయడమే. కాల్‌కు కావాల్సింది సొరంగం బరువుతో కలిపినా ఒక్కో వైపు 100 కేబీపీఎస్ లోపే. మీ 50 ఎంబీపీఎస్‌ను 200 చేయించుకున్నా వెనక గదిలో ఒక్క మాట అదనంగా వినపడదు.

కొలవాల్సినవి రెండు. ఒకటి, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఏదైనా వైఫై ఎనలైజర్ యాప్ పెట్టి డీబీఎంలో సిగ్నల్ చూడండి. మాటకు -67 లేదా అంతకన్నా మంచిది ఉండాలి. -75 దాటి దిగితే ఇబ్బంది మొదలవుతుంది, -80 దగ్గర కాల్ నిలవదు. మైనస్ అంకె ఎంత పెద్దదైతే సిగ్నల్ అంత తక్కువ అని గుర్తుపెట్టుకోండి. రెండు, పింగ్ యాప్‌తో (చిన్న ప్యాకెట్ పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుందో కొలిచేది) రౌటర్ చిరునామాకు, అంటే చాలా ఇళ్లలో 192.168.1.1కు, సెకనుకు ఐదు చొప్పున ఒక నిమిషం పింగ్ కొట్టండి. సెకనుకు ఒకటే కొడితే మధ్యలో ఫోన్ వైఫై కునుకు తీసి, లేని ఆలస్యం చూపిస్తుంది. రౌటర్‌కే 50, 100 దాటుతూ గెంతుతుంటే ఇంట్లో గాలిదారి పాడు. రౌటర్‌కు 10 లోపు నిలకడగా ఉండి బయటి సర్వర్‌కు మాత్రమే గెంతుతుంటే లైన్ సంగతి.

ఇంకొకటి. టీవీ వెనక రౌటర్ పెట్టడం చాలా ఇళ్లలో చేస్తారు. టీవీ వెనకంతా లోహపు పళ్లెమే. హాలుకూ వెనక గదికీ మధ్య ఇనప బీరువా గానీ, టైల్స్ వేసిన బాత్‌రూం గానీ ఉన్నాయా? ఉంటే రౌటర్‌ను టీవీ పక్కకు, ఐదారు అడుగుల ఎత్తుకు జరిపి మళ్లీ కొలవండి. ఫైబర్ ప్యాచ్ కార్డ్ చాలకపోతే పొడవుది దొరుకుతుంది. వంచేటప్పుడు వేలి చుట్టూ చుట్టినట్టు గుండ్రంగా బిగించకండి, ఫైబర్‌లో కాంతి కారిపోతుంది.

విశాలాక్షినగర్_వాలు

ధన్యవాదాలండి. ఇద్దరూ చెప్పినట్టు కొలిచాను.

హాల్లో రౌటర్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ -44. వెనక గదిలో మంచం దగ్గర 5 గిగాహెర్ట్జ్ -79, అదే చోట 2.4 గిగాహెర్ట్జ్ -70. మధ్యలో మీరన్నట్టు బాత్‌రూం గోడ, దాని ఇవతల బీరువా రెండూ ఉన్నాయి. మంచం దగ్గర నుంచి రౌటర్‌కు పింగ్ 6 నుంచి 340 దాకా గెంతుతోంది, వందకు ఏడు పోతున్నాయి. హాల్లో 3, 4 మిల్లీసెకన్లు, ఒక్కటీ పోలేదు. హాల్లో కూర్చుని బయటికి కొడితే మామూలుగా 20 లోపు, కానీ అప్పుడప్పుడూ 400 దాకా ఎగిరి మళ్లీ దిగుతోంది.

ఏరోప్లేన్ మోడ్‌లో మూడు ఫోన్లకూ గుర్తు వస్తోంది. రౌటర్ పక్కన ఐదు నిమిషాల కాల్ శుభ్రంగా ఉంది. అయితే హాల్లోనే ఫోన్ అరగంట వదిలేసి వేరే నంబరు నుంచి చేస్తే ‘అందుబాటులో లేరు’. స్క్రీన్ వెలిగించి ఒక నిమిషం ఆగి చేస్తే మోగుతోంది. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత నాన్నగారి రెండో సిమ్‌కు ఆప్షన్ వచ్చింది.

రౌటర్ పేజీలో ఆప్టికల్ పవర్ -22.6 అని ఉంది. ఇంట్లో నాలుగు కెమెరాల సీసీటీవీ కూడా ఇదే లైన్ మీద ఉంది. ఫైర్‌వాల్ అన్నచోట ‘హై’ ఉంది.

రేడియో_మాస్టారు

మంచం దగ్గర సంగతి తేలిపోయింది. -79లో వందకు ఏడు పోతుంటే మాట తెగక ఏమవుతుంది?

ఈ రోజే పైసా ఖర్చు లేకుండా చేయగలిగింది: రౌటర్‌లో రెండు బ్యాండ్లకూ ఒకే పేరుంటే విడదీసి, అమ్మానాన్నల ఫోన్లను 2.4 మీద మాత్రమే కలపండి. 2.4 గోడలను బాగా దాటుతుంది. అపార్ట్‌మెంట్లు, పక్క పోర్షన్ల వైఫైలు ఎక్కువ ఉన్న చోట దాంట్లో రద్దీ ఎక్కువ, అందుకని ఆటో వదిలేయకుండా ఛానెల్ 1, 6, 11లలో ఎనలైజర్‌లో ఖాళీగా కనపడేది పెట్టండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 40 పెడితే పక్కవాళ్ల వైఫై అంతా మీ మీద పడుతుంది. వంటింట్లో మైక్రోవేవ్ నడుస్తున్నంతసేపు 2.4 కొంత దెబ్బతింటుంది, అది మామూలే.

బీరువా జరిపి, రౌటర్‌ను టీవీ పక్కకు తెస్తే ఆ -70 కాస్తా -64, -65కు వస్తుందని నా అంచనా. అదే వస్తే ఇంకేమీ కొనక్కర్లేదు.

రాకపోతే రిపీటర్ కాదు, వైరుతో యాక్సెస్ పాయింట్ పెట్టండి. మామూలు రిపీటర్ ఒకే రేడియోతో విని అదే రేడియోతో మళ్లీ చెబుతుంది, ప్రతి ప్యాకెట్ రెండుసార్లు గాల్లోకి వెళ్తుంది. మాటకు అది నప్పదు. పైగా షాపువాళ్లు చెప్పే పద్ధతిలో సిగ్నల్ లేని గదిలోనే దాన్ని గుచ్చుతారు. వినపడని మాటను అది మాత్రం ఏం తిరిగి చెబుతుంది? తప్పనిసరై రిపీటరే పెడితే, రౌటర్ సిగ్నల్ -60, -65 ఉన్న మధ్య చోట, నడవాలో పెట్టాలి.

యాక్సెస్ పాయింట్‌కు: హాల్ నుంచి వెనక గదికి క్యాట్ 6 కేబుల్, అచ్చమైన రాగిది. రాగి పూత పూసిన అల్యూమినియం కేబుల్ చవగ్గా దొరుకుతుంది గానీ మన సముద్రపు గాలికి కనెక్టర్ దగ్గర తొందరగా చెడుతుంది. ఇంట్లో పాత రౌటర్ ఉంటే అదే చాలు. దాంట్లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు చిరునామాలు పంచే పని) ఆపి, చిరునామా 192.168.1.2 ఇచ్చి, కేబుల్‌ను వాన్ పోర్ట్‌లో కాకుండా లాన్ పోర్ట్‌లో గుచ్చండి. ఆ చిరునామా పెద్ద రౌటర్ వేరే ఎవరికీ ఇవ్వకుండా దాని డీహెచ్‌సీపీ పరిధి 10 నుంచి మొదలయ్యేలా పెట్టండి. వైఫై పేరు, పాస్‌వర్డ్, సెక్యూరిటీ రకం హాల్ రౌటర్‌వే అక్షరం తేడా లేకుండా పెట్టాలి. ఛానెల్ మాత్రం వేరు: అక్కడ 1 ఉంటే ఇక్కడ 6 లేదా 11.

రెండింటి పవర్‌నూ పూర్తిగా పెంచేయడం కూడా తప్పే. ఐఫోన్ -70 దాటి దిగితే గానీ వేరే యాక్సెస్ పాయింట్ కోసం వెతకదు, కాల్ నడుస్తుంటే కొత్తది కనీసం 8 డీబీ మెరుగ్గా ఉండాలి. హాల్ రౌటర్ మరీ గట్టిగా ఉంటే ఫోన్ వెనక గదికి వచ్చినా దాన్నే పట్టుకుని వేలాడుతుంది. వెనక గదిలోదాన్ని మీడియం పవర్‌లో పెట్టి, హాల్‌దాన్నీ ఒక మెట్టు తగ్గించి చూడండి.

ఫైబర్_స్ప్లైస్

లైన్ వైపు నేను చెబుతాను. -22.6 బాగానే ఉంది. జీపాన్ (ఇళ్లకు ఫైబర్ ఇచ్చే పద్ధతి) ఓఎన్‌టీకి -8 నుంచి -27 మధ్య ఉంటే పనిచేస్తుంది. -25 దాటి దిగుతుంటే కనెక్టర్ తుడిపించమని అడగాలి, -27 దగ్గర వానాకాలంలో ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది. మీకు ఆ బాధ లేదు.

మీ ఇన్‌కమింగ్ తప్పిపోవడం రౌటర్ పనే. ఫోన్ వేసిన సొరంగం యూడీపీ (జవాబు కోసం ఆగకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) 500, 4500 పోర్టుల మీద నడుస్తుంది. రౌటర్ ఆ దారిని తన పట్టికలో రాసుకుని, కాసేపు ఏ ప్యాకెట్టూ కదలకపోతే కొట్టేస్తుంది. కనీసం రెండు నిమిషాలు ఉంచాలని ప్రమాణం చెబుతున్నా, చాలా రౌటర్లు 30 సెకన్లకే తీసేస్తాయి. ఫోన్ మధ్యమధ్యలో చిన్న కీపలైవ్ ప్యాకెట్ పంపి దారిని బతికించుకోవాలి. స్క్రీన్ ఆరిపోయి ఫోన్ గాఢంగా నిద్రపోతే ఆ ప్యాకెట్లు ఆలస్యమవుతాయి. అప్పుడు సిమ్ కంపెనీ మీ ఫోన్ వైఫైలోనే ఉందనుకుని కాల్ పంపుతుంది, అది మీ రౌటర్ గుమ్మం దగ్గర ఆగిపోతుంది. మీరు స్క్రీన్ వెలిగించగానే ఫోన్ కొత్త దారి వేసుకుంటుంది, అందుకే అప్పుడు మోగుతోంది.

చేయాల్సింది వరసగా. ఫైర్‌వాల్ ‘హై’ నుంచి ‘మీడియం’ లేదా ‘లో’కు. వీపీఎన్ పాస్‌త్రూ పేజీలో ఐపీసెక్ పాస్‌త్రూ ఆన్. డాస్ (బయటి దాడుల) రక్షణ అన్నచోట ముక్కలైన ఐపీ ప్యాకెట్లను ఆపే టిక్ ఉంటే తీసేయండి. లాగిన్ సమయంలో వచ్చే సర్టిఫికెట్ ప్యాకెట్లు పెద్దవి, ముక్కలవుతాయి, వాటిని ఆపేస్తే గుర్తు ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. యూడీపీ టైమౌట్ మార్చే చోటు ఉంటే 300 సెకన్లు పెట్టండి. ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన బాక్సుల్లో ఇది చాలావరకు దాచేస్తారు. అలాగైతే ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైన్ మాత్రం అందించేలా) పెట్టమని అడిగి, మీ సొంత రౌటర్‌లో పీపీపీఓఈ (లైన్ లాగిన్) యూజర్ పేరు, పాస్‌వర్డ్ వేసుకోండి, ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) 1492. బ్రిడ్జ్ మోడ్ చేసేముందు ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్ రాసి తీసుకోండి, తర్వాత ఫోన్‌లో అడిగితే సగం మంది చెప్పలేరు.

సిప్ ఏఎల్‌జీ (ఇంటర్నెట్ కాల్ ప్యాకెట్లను రౌటర్ సర్దే సెట్టింగ్) ఆపమని ఎవరైనా సలహా ఇస్తారు. వైఫై కాలింగ్‌కు దానితో సంబంధం లేదు, ఆ మాటంతా తాళం వేసిన సొరంగంలో ఉంటుంది, రౌటర్‌కు లోపల ఏముందో కనపడదు. యాప్‌తో నడిచే ఇంటర్నెట్ ఫోన్ నంబర్లకైతే ఆ సలహా సరైనదే.

పింగ్ 400కు ఎగరడం సీసీటీవీ వల్ల. ఎవరైనా ఫోన్‌లో కెమెరాలు తెరిచినప్పుడో, రికార్డింగ్ క్లౌడ్‌కు ఎక్కుతున్నప్పుడో అప్‌లోడ్ నిండిపోతుంది. మాట ప్యాకెట్లు ఆ క్యూలో వెనక నిలబడతాయి. మీ ‘రెండు మూడు నిమిషాల తర్వాత’లో దీని వాటా కూడా ఉండి ఉంటుంది. డీవీఆర్‌లో (కెమెరాల రికార్డర్) సబ్‌స్ట్రీమ్‌ను (తక్కువ నాణ్యత వీడియో) కెమెరాకు 256 కేబీపీఎస్‌కు దించండి, బయటి నుంచి చూడటానికి సబ్‌స్ట్రీమే వాడండి. మెయిన్ స్ట్రీమ్ ఇంట్లో హార్డ్‌డిస్క్‌లోకి మాత్రమే పోవాలి. ఫోన్లలో ఫొటోల బ్యాకప్ రాత్రికి మార్చండి. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ ప్యాకెట్ ముందు వెళ్లాలో నిర్ణయించే సెట్టింగ్) ఉంటే అప్‌లోడ్ పరిమితిని అసలు వచ్చే వేగంలో 85, 90 శాతానికి కట్టేయండి. క్యూ అప్పుడు మీ రౌటర్ చేతిలో ఉంటుంది.

సిమ్_సెట్టింగ్స్

ఫైబర్_స్ప్లైస్ గారు చెప్పినదానికి ఫోన్ వైపు నుంచి ఒక్క మాట. శాంసంగ్‌లో, రెడ్‌మీలో బ్యాటరీ సేవర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచే అలవాటుంటే మానండి. స్క్రీన్ ఆరినప్పుడు వైఫై ఆపే సెట్టింగ్ ఉంటే ‘ఎప్పుడూ ఆన్’ చేయండి. ప్రకటనలు ఆపే ప్రైవేట్ డీఎన్‌ఎస్ (పేర్లను ఇంటర్నెట్ చిరునామాలుగా మార్చే సర్వీస్) పెట్టి ఉంటే తీసేసి ఒకసారి చూడండి, కంపెనీ గేట్‌వే పేరు దొరక్కపోతే ఫోన్ సొరంగమే వేయలేదు.

నాలుగో ఇబ్బంది, గుమ్మం దాటితే కట్ అవడం. నడుస్తున్న కాల్ వైఫై నుంచి వీఓఎల్‌టీఈకి మాత్రమే జారుతుంది. గుమ్మం దగ్గర 4జీ అందక ఫోన్ 2జీ పట్టుకుంటే అక్కడే తెగుతుంది. అందుకే రెండు సిమ్‌లకూ వీఓఎల్‌టీఈ ఆన్, నెట్‌వర్క్ మోడ్ 5జీ/4జీ ఆటో. కాలింగ్ ప్రిఫరెన్స్ అన్న ఆప్షన్ మీ మోడల్‌లో ఉంటే వెనక గదిలో ఉండే రెండు ఫోన్లకూ ‘వైఫై ముందు’, బయట తిరిగే మీ ఫోన్‌కు ఆప్షన్ ఉంటే ‘మొబైల్ నెట్‌వర్క్ ముందు’. మెట్ల మీద 4జీ ఎంతుందో మొబైల్ సిగ్నల్‌ను డీబీఎంలో చూపే యాప్‌లో చూడండి, వైఫై ఎనలైజర్‌లో అది కనపడదు. అక్కడ -115 కన్నా దిగి ఉంటే సెట్టింగులతో పని జరగదు, కాల్ ముగించి గుమ్మం దాటడమే.

ఒక జాగ్రత్త. ఏరోప్లేన్ మోడ్ పరీక్షకే వాడండి, ఎప్పుడూ అందులోనే ఉంచకండి. 112కు చేస్తే ఫోన్ ముందు ఏ కంపెనీ టవర్ దొరుకుతుందా అని వెతుకుతుంది, ఆ దారి మూయకూడదు. వైఫై మీదుగా వెళ్లిన కాల్‌లో మీరున్న చోటు సరిగా తెలియకపోవచ్చు. ఇంటి నంబరు, వీధి, దగ్గరి గుర్తు ఒక కాగితం మీద రాసి అమ్మానాన్నల ఫోన్ దగ్గర అంటించండి.

గాజువాక_ఇన్వర్టర్

కరెంటు సంగతి ఎవరూ చెప్పలేదు. వెనక గదికి వైఫై ఒక్కటే దిక్కు అయినప్పుడు, కరెంటు పోతే ఫోన్ కూడా పోయినట్టే.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే రౌటర్ పాయింట్‌ను దాని లైన్‌లోకి తెప్పించి, ఇన్వర్టర్ వెనక స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. మామూలు మోడ్‌లో మారేటప్పుడు ఆ కాస్త ఖాళీకే రౌటర్ రీస్టార్ట్ అవుతుంది, మళ్లీ లేచి ఫోన్లు సొరంగం వేసుకునేసరికి రెండు మూడు నిమిషాలు. ఇన్వర్టర్ లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్. కొనేముందు ఓఎన్‌టీ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చదవండి: 12 వోల్టులు 1 ఆంపియర్ అని ఉంటే 2 ఆంపియర్ల యూపీఎస్ తీసుకోండి. వెనక గదిలో యాక్సెస్ పాయింట్ పెడితే దానికీ ఒకటి కావాలి, దాని అడాప్టర్ 9 వోల్టులదో 5 వోల్టులదో కావచ్చు, చూసుకోండి. 18650 సైజు లిథియం సెల్స్ నాలుగున్న యూపీఎస్ మీద ఎనిమిది పది వాట్ల ఓఎన్‌టీ రెండున్నర, మూడు గంటలు నడుస్తుంది.

తుపానుకు మాత్రం దీన్ని నమ్ముకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటినప్పుడు కరెంటు, టవర్లు, కేబుళ్లు ఒకేసారి పోయాయి. ఆ తర్వాత నగరంలో కరెంటు లైన్లు చాలాచోట్ల భూమిలోకి వెళ్లాయి గానీ, ఇళ్లకు వచ్చే ఫైబర్ ఇంకా చాలా వీధుల్లో స్తంభాల మీదే ఉంది. రెండో సిమ్ వేరే కంపెనీది ఉండటం మీకు అప్పుడే కలిసొస్తుంది. నెట్‌వర్క్ ఎంపికను ఆటోమేటిక్‌లోనే ఉంచండి. విపత్తు సమయంలో ప్రభుత్వం ఇంట్రా సర్కిల్ రోమింగ్ ఇప్పిస్తే ఒక కంపెనీ సిమ్ ఇంకో కంపెనీ టవర్ మీద పనిచేస్తుంది, మాన్యువల్‌లో ఉంటే ఆ అవకాశం పోతుంది.

విశాలాక్షినగర్_వాలు

బీరువా జరిపి, రౌటర్ టీవీ పక్కకు మార్చాను. మంచం దగ్గర 2.4 ఇప్పుడు -65. ఛానెల్ 11. రౌటర్‌కు పింగ్ 30 దాటడం లేదు. ఫైర్‌వాల్ మీడియం చేశాక హాల్లో అరగంట వదిలేసిన ఐఫోన్ మోగింది, అమ్మ రెడ్‌మీ మాత్రం ఇంకా ఒక్కోసారి మోగడం లేదు. ఈ బాక్సులో యూడీపీ టైమౌట్ పేజీ లేదు. ఇంకొక సందేహం: బ్యాంకు ఓటీపీలు వైఫై మీద వస్తాయా?

ఫైబర్_స్ప్లైస్

ఒక ఫోన్ మోగి ఇంకోటి మోగకపోతే రెండూ కీపలైవ్ పంపే గడువులో తేడా ఉందన్నమాట. రెడ్‌మీలో బ్యాటరీ సేవర్ తీసి మళ్లీ అరగంట పరీక్ష చేయండి. అప్పటికీ అంతే అయితే బ్రిడ్జ్ మోడ్, సొంత రౌటర్. ఆ రౌటర్ కొనేటప్పుడు యూడీపీ టైమౌట్, క్యూఓఎస్ రెండూ మార్చుకునే వీలున్నది అడిగి తీసుకోండి. ఇప్పుడున్న ఓఎన్‌టీ వైఫైని అప్పుడు ఆపేయాలి, లేకపోతే రెండు వైఫైలు పక్కపక్కనే పోట్లాడుకుంటాయి.

సిమ్_సెట్టింగ్స్

మెసేజ్‌లు కూడా ఆ సొరంగంలోంచే వస్తాయి, కానీ అన్ని సిమ్‌లకూ, అన్ని ఫోన్లకూ ఒకేలా కాదు. బ్యాంకుకు ఇచ్చిన నంబరు ఏదో దాన్ని ఏరోప్లేన్ మోడ్, వైఫైలో పెట్టి, ముందు ఇంకో ఫోన్ నుంచి మామూలు మెసేజ్ పంపండి. తర్వాత బ్యాంకు యాప్‌లో లాగిన్ ఓటీపీ అడగండి. మెసేజ్ వచ్చి ఓటీపీ రాకపోతే పది నిమిషాలు ఆగి ఒక్కసారే మళ్లీ అడగండి. వరసగా నాలుగైదుసార్లు నొక్కితే బ్యాంకు లాక్ చేసే ప్రమాదం ఉంది. అప్పటికీ రాకపోతే ఆ నంబరును ఓటీపీ పనులప్పుడు హాల్లోకి తెచ్చి, ఏరోప్లేన్ మోడ్ తీసి, వైఫై కాలింగ్ ఒక్కటీ ఆ సిమ్‌కు ఆపండి. టవర్ మీద మెసేజ్ దిగాక మళ్లీ ఆన్ చేసుకోండి.